రెండు తలుపులు



అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి తీరమున ఆరిగాన్ అను రాష్ట్రము కలదు. అందలి పోర్ట్‌లండ్ నగరములో 1983వ సంవత్సరమున, తమంతట తాము స్నానము చేయజాలనివారును, మంచము దిగవలెనన్న నొకరి చేయూత కోరువారును అగు వృద్ధులకొరకు 112 వాటాలుగల భవనమొకటి తెరవబడినది. దాని పేరు పార్క్ ప్లేస్; నెలకొల్పిన విదుషి కేరెన్ బ్రౌన్ విల్సన్. ఆ భవనమున ప్రతి వాటాకును ఇంటి వీధితలుపువంటి తలుపొకటి యుండెను, తలుపునకు తాళముండెను, ఆ తాళపుచెవి లోపల నివసించు ముసలివారి చేతిలో నుండెను. సేవకై వచ్చు పరిచారిక తలుపు తట్టి, లోపలివారు రమ్మన్న పిదపనే ప్రవేశింపవలెను. చూడవచ్చినవారికి అచటి ఉపచారములన్నిటికంటె ఈ తాళమే వింతగా తోచినది.

ఇంత చిన్న సంగతి యేల వింతయైనదో గ్రహింపవలెనన్న, అంతకు ముందటి నర్సింగ్ హోముల తీరు కొంత తెలియవలెను. వానికి నమూనా ఆస్పత్రి. ఒక గదిలో ఇద్దరో ముగ్గురో పరుండుదురు, నడుమ నొక తెర వ్రేలాడుచుండును. మేల్కొనువేళయు, తినువేళయు, దీపమార్పువేళయు ఒకరు నిర్ణయించినవి. జీవితమంతయు కూడబెట్టుకొన్న వస్తువులలో మంచముప్రక్క బల్లమీద పట్టినవి మాత్రమే తనవి. గదికి గడియ యుండదు, ఏలయన రోగి గదికి గడియ యుండుట ఆస్పత్రి ధర్మమునకు విరుద్ధము. విల్సన్ పందొమ్మిదేండ్ల పిల్లగా నున్నప్పుడే ఆమె తల్లి తన యేబదియైదవ యేట పక్షవాతముచేత పడిపోయి, అట్టి గృహములలోనే యేండ్ల తరబడి కాలము గడపినది. పెద్ద చదువులకు పోయి వార్ధక్య శాస్త్రమున పరిశ్రమ చేయుచున్న కుమార్తెను ఆ తల్లి కోరిన కోరిక మిగుల సామాన్యమైనది: తనకొక చిన్న గది కావలెను, అందొక వంటమూలయు స్నానపుగదియు ఉండవలెను, తన వస్తువులు తనచుట్టును ఉండవలెను, పిల్లిని పెంచుకొననీయవలెను, తనకు లేవ మనస్సులేనప్పుడు లేపువారుండరాదు. ఈ వృత్తాంతమును అతుల్ గవాండే అను శస్త్రవైద్యుడు 2014లో ప్రకటించిన ‘బీయింగ్ మోర్టల్’ అను గ్రంథమున విపులముగా వ్రాసియున్నాడు.

పొయ్యిగల గదిలో ముసలివారిని ఉంచి, తాళముకూడ వారికే యిచ్చినచో ఏ యుపద్రవము వచ్చునోయని భయపడినవారు అప్పుడు లేకపోలేదు. అందుచేత ఆరిగాన్ ప్రభుత్వము ఆ నివాసుల ఆరోగ్యమును, మనస్స్థితిని, వారికగు వ్యయమును సంవత్సరముల తరబడి కనిపెట్టి చూచి 1988లో ఫలితములను వెల్లడించినది. ఆరోగ్యము చెడలేదు, జీవితమందు సంతృప్తి పెరిగినది, తీవ్రమైన విషాదరోగము తగ్గినది, ప్రభుత్వ సహాయముపై నున్నవారి విషయమున వ్యయము నర్సింగ్ హోముల వ్యయముకంటె నూటికి 20 వంతులు తక్కువైనది. తాళపుచెవి చేతిలో నుంచినందువలన ప్రాణహాని కలుగలేదు సరికదా, బ్రదుకవలెనను కోరిక కొంత చిగిర్చినదన్నమాట.

అమెరికాలో ‘అసిస్టెడ్ లివింగ్’ అను పేర నేడు దేశమంతట వ్యాపించిన వసతిగృహములకు మూలము ఇట్టిది. అందలి సేవల వివరము కొంత చెప్పెదను. సిడ్నీ కాట్జ్ అను వైద్యుడు 1963లో మనుష్యుని నిత్యకృత్యములను ఆరింటిని ఏరి యొక కొలమానము నేర్పరచినాడు: స్నానము, వస్త్రధారణము, మలమూత్ర విసర్జనకు పోయివచ్చుట, మంచమునుండి కుర్చీకి మారుట, విసర్జనపై అదుపు, అన్నము నోటికి అందించుకొనుట. వీనిలో మొదట చేజారునది స్నానము, తుట్టతుదివరకు నిలుచునది భోజనము. పసిబిడ్డ నేర్చుకొనుచు వచ్చిన క్రమమును ముసలితనము వెనుకనుండి విప్పుచు వచ్చునని తోచును. వసతిలో చేరుదినమున ఒక నర్సు వచ్చి యీ యారింటిని గూర్చి ప్రశ్నించి, దేనికెంత సాయము కావలెనో వ్రాసికొని, దానినిబట్టి సేవాప్రణాళికను, ఆ ప్రణాళికనుబట్టి నెల రుసుమును నిర్ణయించును. చొక్కా బొత్తాములు పెట్టుటకింత, స్నానము చేయించుటకింత యని మానవుని యశక్తి నంతయు పద్దులుగా వ్రాయుట మనకు ఎబ్బెట్టుగా నుండవచ్చును. కాని అక్కరలేని సాయమును అంటగట్టకుండుటకు కూడ ఆ పద్దులే యాధారము.

మూడుపూటల భోజనము అందరితోకలిసి భోజనశాలలో. మందుల సంగతి చాల కట్టుదిట్టము: ఒక ఉద్యోగి చక్రముల బండిమీద మందుల పొట్లములు తెచ్చి, మనిషిని గుర్తించి, నీళ్లిచ్చి, మ్రింగువరకు నిలిచి, వేళతోసహా వ్రాసికొని పోవును. మెడలో ధరించిన బిళ్ల నొత్తినచో పరిచారిక వచ్చును. బట్టలుతుకుట, గది తుడుచుట, డాక్టరువద్దకు వ్యానులో తీసికొనిపోవుట మొదలగునవి మామూలు సేవలు. ఇవియన్నియు చేయుచు, పగలనక రాత్రియనక మెలకువతో నుండు పరిచారికలకు వచ్చు జీతము మిక్కిలి స్వల్పము. వారిలో చాలమంది తమ దేశమును, తమ తలిదండ్రులను విడిచి వచ్చినవారే.

ఖర్చు సామాన్యము కాదు. నెలకు ఐదువేల డాలర్లకు పైమాటే. జ్ఞాపకశక్తి సన్నగిల్లినవారి విభాగములలో ఇంకను హెచ్చు. 1965లో వృద్ధులకొరకు ఏర్పడిన మెడికేర్ అను ప్రభుత్వ ఆరోగ్యపథకము ఇట్టి వసతికి అద్దె చెల్లించదు. ఉన్న యిల్లమ్మి కొందరును, బిడ్డల సంపాదనతో కొందరును గడుపుకొందురు. సొమ్ము చెల్లించునది బిడ్డలగుటచేత, గృహములను కట్టించువారికి క్రమముగా బిడ్డల మెప్పే ప్రధానమైనది. వాకిట నిలువెత్తు పూలకుండీలు, పైకప్పున దీపముల గుత్తులు, హాలులో ఎవరును వాయింపని పియానో. చూడవచ్చిన కుమారుడు మా అమ్మ యిచట పడిపోకుండునా యని అడుగును. మా అమ్మ తనకు నచ్చినప్పుడు కాఫీ కాచుకొనవచ్చునా యని యడుగువాడు అరుదు. తనకు స్వేచ్ఛయు, తనవారికి క్షేమమును కోరుట మానవస్వభావము. అందువలననే విల్సన్ పెట్టిన తాళము పేరునకు నిలిచి, తాళపుచెవి మరల మెల్లగా ఆఫీసుగది చేరుచున్నది.

ఇంతవరకు చెప్పినది మొదటి తలుపు కథ. ఆ భవనములలోనే, పెక్కింటియందు ఒక కొసన, రెండవ తలుపొకటి యుండును. అది లోపలివారికి తెరచుకొనదు.

అల్జీమర్స్ మొదలగు డిమెన్షియా వ్యాధులు సోకినవారి విభాగమది. ‘మెమరీ కేర్’ అందురు. 1906లో ఆలోయిస్ అల్జీమర్ అను జర్మను వైద్యుడు ఒక స్త్రీ మెదడును మరణానంతరము పరీక్షించి ప్రకటించిన లక్షణములకే, 1910లో అతని పేరు పెట్టబడినది. ఈ వ్యాధిగ్రస్తులలో పెక్కుమంది, విశేషించి ప్రొద్దువాలువేళ, కలత చెంది ఇంటికి పోవలెనని బయలుదేరుదురు. ఏ యింటికని యడిగినచో చెప్పలేరు. చెప్పినను అది యేబదేండ్లక్రిందట విడిచిన యిల్లు కావచ్చును. చలిలో, వాహనముల నడుమ వారు తప్పిపోయినచో కలుగు ప్రమాదము కల్పితము కాదు. అందుచేత ఆ విభాగపు తలుపునకు అంకెలు నొక్కిన గాని తెరచుకొనని యంత్రము బిగింతురు. అగ్నిప్రమాదమున ప్రాణములు పోకుండుటకై కొన్ని తలుపులను, పట్టి నెట్టుచుండగా గంట మ్రోగి పదునైదు సెకండ్లకు తెరచుకొనునట్లు అమర్చుటయు కలదు. కొన్నిచోట్ల తలుపును తలుపుగా కానరానీయక, దానిపై పుస్తకముల బీరువావలె రంగులు వేయుదురు.

ఆ తలుపు తీసికొన్న దానిని మరియొక మార్గమున తిరిగి యిచ్చుట యెట్లు? మెమరీ కేర్ అను విద్య యావత్తును ఈ ప్రశ్నకు సమాధానమే యని నేననుకొందును. నడకను ఆపుటకు వీలులేదు గనుక, గోడ తగిలి నిలిచిపోనక్కరలేక తిరిగితిరిగి మొదటికే వచ్చునట్లు వసారాలను, తోటలోని బాటలను గుండ్రముగా వేయుదురు. గది అంకె గుర్తుండదు గనుక వాకిలిప్రక్క చిన్న అద్దాలపెట్టెలో పెండ్లినాటి ఫొటోనో, సైన్యమున పొందిన పతకమునో, కుట్టుపనినో ఉంచుదురు. దానిని చూచి తమ గది నానవాలు పట్టుదురు. నేలపై నల్లని చాప పరచరు, అది వారి కంటికి గోతివలె తోచి అడుగు వేయ జంకుదురు గనుక. తెల్లని పళ్లెములో తెల్లని యాహారమును కన్ను గుర్తింపలేదు. బోస్టన్‌లో పరిశోధకులు ముదురురంగు పాత్రలలో వడ్డించి, వ్యాధి ముదిరినవారు తిను అన్నము నూటికి 25 వంతులు పెరిగినట్లు 2004లో ప్రకటించినారు. ఆకలి చచ్చిన దనుకొన్నచోట వాస్తవముగా పళ్లెము కనబడకుండెను!

మాటలతో ఓదార్చుటకు మారుగ మందులతో మత్తుగొలుపుట సులభమైన పని, నీచమైన పని. మానసికవ్యాధులకు వాడు కొన్ని క్రొత్త మందులను డిమెన్షియాగల వృద్ధుల కిచ్చినచో మరణములు హెచ్చుచున్నవని 2005లో అమెరికా ఔషధశాఖ తీవ్రమైన హెచ్చరిక చేసినది. తలుపు తాళము కంటికి కనబడును. మందు తాళము కనబడదు. ఏ గృహమునైన చూడబోయినవారు పగటివేళ ఎందరు కుర్చీలలో తలలు వాల్చి నిదురించుచున్నారో లెక్కించుట మంచిది.

మోసము సంగతి యొకటి చెప్పవలెను. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ నగరపు బెన్‌రాట్ ప్రాంతమున నొక వృద్ధగృహమువారు తమ వాకిట బస్సు స్టాపొకటి నిలిపినారు. బల్లయున్నది, బోర్డున్నది, బస్సు మాత్రము రాదు. ఇంటికి పోవలెనని బయలుదేరినవారు పాతయలవాటుచొప్పున ఆ బోర్డు చూచి కూర్చుందురు; కొంతసేపటికి ఎందుకు వచ్చినదియు మరచుదురు; పరిచారిక వచ్చి, బస్సు ఆలస్యమగునట్లున్నది, లోపల కాఫీ త్రాగుద మని తోడ్కొని పోవును. 2008 నాటికి ఈ సంగతి దేశదేశముల పత్రికల కెక్కినది. కొందరు మెచ్చిరి, కొందరు ఛీకొట్టిరి. నాకు ఆ బల్ల మంచిదిగానే తోచుచున్నది, కాని ఒంటరిగా కూర్చుండబెట్టుటకు కాదు. ఇంటికి పోవలెనను వానిని ప్రక్కనే కూర్చుండి, ఆ యిల్లెట్లుండెడిది, పెరటిలో ఏ చెట్టుండెడిది యని యడుగు పరిచారిక యున్నచో బస్సు అబద్ధమైనను కూర్చున్న ఆ గడియ అబద్ధము కాదు. అట్టి తీరిక పరిచారికల కుండుట లేకుండుట జీతములమీదను, సంఖ్యమీదను ఆధారపడియుండును గాని బల్లమీద కాదు.

ఆ రెండవ తలుపు విషయమున అందరికంటె సాహసించి ఆలోచించినవారు డచ్చివారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరువనున్న వేస్ప్ పట్టణములోని యొక నర్సింగ్ హోమునందు పనిచేయు ఇవోన్ వాన్ అమెరోంగెన్ మొదలగువారు 1990ల ప్రారంభమున, తమ తలిదండ్రులనైనచో ఇచట చేర్చుదుమా యని తమ్ముతాము ప్రశ్నించుకొని, చేర్చమను జవాబు రాగా, ఆ గృహమును మార్చ మొదలిడిరి. ఆ యాలోచన పెరిగి 2009 నాటికి హోగెవెయిక్ అను గ్రామరూపమును దాల్చినది. ఒకదాని నొకటి ఆనుకొనియున్న యిండ్లే ప్రహరి. నడుమ వీథులు, తోటలు, ఫౌంటెను, నాటకశాల, హోటలు, సరకుల దుకాణము. మొదట 23 ఇండ్లు, 152 మంది నివాసులు, ఇంటి కారేడుగురు. పరిచారికలకు తెల్లని దుస్తులు లేవు. ప్రతిదినమును ఇంటివారిలో నొకరిద్దరు సంచి పట్టుకొని దుకాణమునకు పోయి కూరలు తెత్తురు, ఇంటనే వంట యగును, ఉల్లిపాయలు వేగుచున్న వాసనకు మిగిలినవారు బల్లచుట్టు చేరుదురు. ఎవరైనను దుకాణమున డబ్బీయక వస్తువు తీసికొనిపోయినను గొడవలేదు. ఆ గ్రామమునకు తాళముగల వాకిలి యొక్కటియే. లోపలి యిండ్ల తలుపులన్నియు నివాసులు తీసికొనగలవే. వానలో తడియుటకుకూడ వారి కధికారము కలదు. అనగా రెండవ తలుపును వారు తీసివేయలేదు, కనుచూపు మేరకు దూరముగా జరిపినారు. గ్రామ నిర్మాణమునకైన వ్యయములో అధికభాగము ప్రభుత్వమే భరించినదను సంగతిని మరచి, ఆ నమూనాను లాభమునకై అనుకరింపజూచువారిని చూచినప్పుడు నాకు నవ్వు వచ్చుచుండును.

హోగెవెయిక్‌లో మరియొక విశేషము. ఇండ్లను వ్యాధి తీవ్రతనుబట్టి కాక జీవనవిధానమునుబట్టి ఏర్పరచినారు: చేతిపనులవారి యింటి తీరు వేరు, దైవభక్తిపరుల యింటి తీరు వేరు. పూర్వము డచ్చివారి యేలుబడిలో నున్న ఇండోనేషియాతో సంబంధముగలవారికొక యిల్లుండెను. అందు వరియన్నము, మసాలాలు, ఆ దేశపు సంగీతము. జ్ఞాపకము సన్నగిల్లినకొలది మనిషి చిన్ననాటి రుచులకు, చిన్ననాటి భాషకు చేరువగును గనుక ఇది విలాసము కాదు, చికిత్స.

భాష సంగతి వచ్చినప్పుడు మన హైదరాబాదును తలపకుండ నుండలేము. నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి మొదలగు వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు లేక అంతకుమించిన భాషలు మాటలాడువారికి ఒకే భాష తెలిసినవారికంటె నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా వ్యాధి బయటపడుచున్నదనియు, చదువురానివారియందును ఈ భేదము కానవచ్చుచున్నదనియు 2013లో ప్రకటించిరి. తెలుగుతోపాటు ఉర్దూనో హిందీనో వీథిలో నేర్చిన కూరగాయల వ్యాపారికికూడ ఆ భాగ్యము లభించినదన్నమాట. అయితే వ్యాధి ముదిరిన పిదప, తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవుట సాధారణము. న్యూజెర్సీలోనో టెక్సాసులోనో కుమారునివద్ద స్థిరపడి, దుకాణములలో చక్కగా ఇంగ్లీషు మాటలాడిన మన పెద్దావిడ, ఎనుబదవ పడిలో మెమరీ కేర్ విభాగమున చేరునప్పటికి తెలుగుతో మాత్రమే మిగులవచ్చును.

కొడుకు తప్పుచేసినాడని తీర్పు చెప్పుటకు నేను సిద్ధముగా లేను. భార్యాభర్తలిద్దరు ఉద్యోగములకు పోవు ఇంట, రాత్రియెల్ల మేలుకొని తిరుగు తల్లిని కాచుట యెంత కష్టమో అనుభవించినవారికే తెలియును. మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియాతో నున్నారని 2023లో వెలువడిన అంచనా. వీరిలో అత్యధికులు ఇండ్లలోనే యున్నారు. మన యిండ్లలో ఆ రెండవ తలుపు లేదనుకొనుట భ్రమ. వెనుకగది కొక వెలుపలి గడియ యుండును. చుట్టములు వచ్చినప్పుడది వేయబడును. లోపలినుండి పిలుపు వినబడిన, ఆమెకు చాదస్తము లెండి యని యెవరో ఒకరు మాట మార్తురు. ఆ గడియకు లైసెన్సు లేదు, తనిఖీ లేదు, పదునైదు సెకండ్ల నియమము లేదు. తలిదండ్రుల పోషణకు 2007లో చేసిన చట్టమున్నది. అది మనోవర్తి నిప్పింపగలదు గాని, గడియ యెవరు వేసిరని అడుగదు. ఆ యింట ఆమెను కనిపెట్టుకొనియుండు కోడలికో కూతురికో విరామము కల్పించు దినవసతులు మన పట్టణములలో వ్రేళ్లమీద లెక్కింపదగియున్నవి. వృద్ధాశ్రమమన్నంతనే చెవులు మూసికొనుటకు మారుగ, పగటిపూట మాత్రము చూచుకొను చోట్లు పేటపేటను వెలయింపగలిగినచో మేలు.

విదేశముల నున్న బిడ్డలకు ఒక్క మనవి. విభాగమున చేర్చునప్పుడు, ఆ మనిషి జీవితకథను, అలవాట్లను తెలుపుమని యొక ఫారము చేతి కిత్తురు. దానిని తొందరలో పూరింపరాదు. సంగీతమను గడిలో భారతీయ శాస్త్రీయ సంగీతమని వ్రాసి యూరకొనినచో, ఆ తల్లి చెవికి తెలియని సితారు పగలంతయు మ్రోగుచుండును. ఆమె యేబదేండ్లు ఆకాశవాణి భక్తిరంజనితో లేచినదనియు, ఘంటసాల పాటలలో ఏవి ప్రియమనియు వ్రాయవలెను. స్నానమను గడిలో, నెత్తిమీద ధారగా నీరు పడిన భయపడుననియు, బకెట్టు చెంబు ఇచ్చినచో తానే పోసికొనుననియు వ్రాయవలెను. అన్నము చేతితో కలిపి తినునని వ్రాయకున్నచో, ఫోర్కు పట్టుట మరచినదని కాట్జ్ గారి ఆరవ కృత్యమును కొట్టివేసి, చెంచాతో తినిపింప మొదలిడవచ్చును; నిజమునకు ఆ చేయి ఆమెకు మిగిలిన సామర్థ్యములలో చివరిది. బొట్టు పెట్టుకొననిదే గది వెడలదని వ్రాయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన గడి మొట్టమొదటిది. పాస్‌పోర్టులో వెంకట అని ప్రారంభమైన పేరునుబట్టి పరిచారికలు ఆమెను వెంకటా యని ఆప్యాయముగా పిలుతురు. ఆ పేరుతో ఆమెను పుట్టినది మొదలు ఎవరును పిలిచియుండరు. ఆమె తిరిగి చూడదు. చెవి వినబడుట లేదని రికార్డులో వ్రాసికొందురు. అన్నదమ్ములు చిన్ననాడు పిలిచిన ముద్దుపేరును ఆ గడిలో ఇంగ్లీషు లిపిలో, పలుకవలసిన తీరుతోసహా, పెద్ద అక్షరములతో వ్రాసియిచ్చి, పరిచారికచేత రెండుమూడుమారులు పలికించి చూచి గాని బిడ్డలు కారెక్కరాదు.